అలాస్కా క్రూజ్: అమ్మానాన్నలకి ఏ క్యాబిన్ తీసుకోవాలి? బాత్రూమ్ గురించే అసలు బెంగ

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. ఆగస్టులో సియాటెల్ నుంచి 7 రాత్రుల అలాస్కా క్రూజ్ అనుకుంటున్నాం. పెద్దవాళ్ళం నలుగురం, పాప ఒకతి. అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి వస్తున్నారు.

నాన్నగారికి 74. ఎడమ తుంటి కీలు మార్చారు, వాకర్‌తో నడుస్తారు. వీల్‌చెయిర్ ఎయిర్‌పోర్టుల్లో తప్ప వాడరు. అమ్మకి 69, రెండు మోకాళ్ళూ అరిగాయి. కమోడ్ ఎత్తు తక్కువుంటే ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వందే లేవలేదు.

ఏజెంటు మూడు చూపించాడు. ఒకటి, మామూలు బాల్కనీ క్యాబిన్. రెండు, కిటికీ లేని లోపలి క్యాబిన్, కానీ వీల్‌చెయిర్ గుర్తున్నది. మూడు, ఇంకో ఓడలో బాత్‌టబ్ ఉన్న పెద్ద బాల్కనీ. బాత్రూమ్ ఎలా ఉంటుందని అడిగితే "ఓడ కొత్తదండీ, బాగానే ఉంటుంది" అంటున్నాడు. గడప ఎంత, కమోడ్ ఎత్తెంత అంటే మాత్రం జవాబు లేదు.

వాకర్ కొలిచాను, కింద కాళ్ళ దగ్గర 25 అంగుళాలు. నా ప్రశ్నలు:

వీల్‌చెయిర్ వాడని మనిషికి ఆ గుర్తున్న క్యాబిన్ అడగొచ్చా? నిజంగా అవసరమైనవాళ్ళది లాక్కున్నట్టు కాదు కదా?
టబ్ ఉంటే హాయిగా ఉంటుందా, తంటానా?
కడుక్కోడానికి నీళ్ళ సంగతేమిటి? ఇద్దరికీ కాగితంతో కుదరదు.


డెక్‌ప్లాన్:

వాకర్ 25 అంగుళాలు అని రాశారు చూడండి, అక్కడే మీ మొదటి క్యాబిన్ కొట్టుకుపోయింది. మామూలు క్యాబిన్లలో బాత్రూమ్ తలుపు పూర్తిగా తెరిచినా చాలా ఓడల్లో దొరికే దారి 22, 23 అంగుళాలే. అంటే వాకర్ గుమ్మం బయటే ఆగిపోతుంది. మనిషి దాన్ని వదిలి, గడప దాటి, తడి నేల మీద మూడు అడుగులు వేసి కమోడ్ దాకా వెళ్ళాలి. పెద్దవాళ్ళు పడేది సరిగ్గా ఆ మూడు అడుగుల్లోనే.

గడప ఎందుకంటే, షవర్ నీళ్ళు క్యాబిన్ తివాచీలోకి రాకుండా. పాత ఓడల్లో 4 నుంచి 6 అంగుళాలు ఉంటుంది, కొత్తవాటిలో బాగా తగ్గించారు. "రీఫర్బిష్ చేశాం" అన్న ప్రకటన చూసి మోసపోకండి. ఓడల బాత్రూమ్‌లు ఫ్యాక్టరీలో పెట్టెల్లా తయారై వస్తాయి. ఓడ కడుతున్నప్పుడే వాటిని లోపలికి తోసి, పైపులు కలిపి, చుట్టూ గోడలు మూసేస్తారు. తర్వాత తివాచీ మారుతుంది, పరుపు మారుతుంది, కుళాయి కూడా మారొచ్చు. ఆ పెట్టె కొలత మాత్రం మారడం అరుదు. కాబట్టి రంగులేసిన ఏడాది కాదు, ఓడ కట్టిన ఏడాది చూడండి. ఈమధ్య ఏళ్ళలో సియాటెల్ వైపు తిరిగిన వాటిలో యూరోడామ్ 2008 నాటిది, క్వాంటమ్ ఆఫ్ ది సీస్ 2014, నార్వేజియన్ బ్లిస్, సెలబ్రిటీ ఎడ్జ్ రెండూ 2018, డిస్కవరీ ప్రిన్సెస్ 2022.

ఇక అడగొచ్చా అంటే, నిక్షేపంగా. మీ నాన్నగారు వాకర్ మనిషి, ఆ క్యాబిన్ ఉన్నది అలాంటివాళ్ళకే. విదేశీ జెండా ఉన్న ఓడ అయినా అమెరికా నీళ్ళలో నడిస్తే వికలాంగుల హక్కుల చట్టం వర్తిస్తుందని 2005లో అక్కడి సుప్రీంకోర్టు నార్వేజియన్ అనే క్రూజ్ కంపెనీ కేసులో చెప్పింది. ఆ తర్వాత 2010లో రవాణా శాఖ ప్రయాణికుల ఓడలకి విడిగా నిబంధనలు పెట్టింది. ఆ క్యాబిన్ అడిగినవాళ్ళని అవసరం ఉందా అని కంపెనీ అడుగుతుంది, రాసి సంతకం పెట్టమంటుంది. ఆ ఫారం బుకింగ్ రోజునే నింపండి, తర్వాత చూద్దాంలే అనుకోవద్దు. ఒక్క షరతు: ఆ క్యాబిన్లో పడుకునేది మీ నాన్నగారే అయ్యుండాలి. ఆయన పేరు మీద తీసుకుని మీరు ఉండి, ఆయన్ని పక్క గదిలో పెట్టడం కుదరదు.

వీల్‌చెయిర్ గుర్తు ఒక్కటే అయినా దాని వెనక రకాలు మూడు. హాలండ్ అమెరికా, కార్నివల్ లాంటి కంపెనీలు పేర్లతో సహా విడదీసి చెబుతాయి, మిగతావాళ్ళని అడిగి రాబట్టాలి.

పూర్తి యాక్సెసిబుల్: తలుపులు 32 అంగుళాలు లేదా ఎక్కువ, గడప లేకుండా ఏటవాలు, నేలతో సమానంగా ఉండే రోల్-ఇన్ షవర్, మడిచే సీటు, కడ్డీలు, లోపల వీల్‌చెయిర్ తిరిగే 5 అడుగుల జాగా.

ఒకవైపు దారి ఉన్నది: బాత్రూమ్ పైదానిలాంటిదే, మంచానికి మాత్రం ఒక పక్కే ఖాళీ ఉంటుంది. ఇద్దరిలో ఒకరికే వాకర్ కాబట్టి మీకు సరిపోతుంది. ఆయన్ని ఆ ఖాళీ పక్కన పడుకోబెట్టండి.

ఆంబులేటరీ: కొంచెం నడవగలిగేవాళ్ళకి. కడ్డీలు, సీటు ఉంటాయి. తలుపు వెడల్పు, గడప మాత్రం ఓడని బట్టి మారతాయి. 25 అంగుళాల వాకర్‌తో ఈ రకం తీసుకోవాలంటే కొలత రాతపూర్వకంగా చేతికి వచ్చాకే.

కంపెనీలో ఇలాంటి అవసరాలు చూసే యాక్సెస్ విభాగం విడిగా ఉంటుంది. మామూలు బుకింగ్ లైన్లో కూర్చున్నవాళ్ళ దగ్గర ఈ కొలతలు ఉండవు. క్యాబిన్ నంబర్ వేసి ఈమెయిల్ పెట్టండి: బాత్రూమ్ తలుపు తెరిచాక ఖాళీ ఎన్ని అంగుళాలు, గడప ఎత్తు, కమోడ్ ఎత్తు సీటుతో కలిపి, షవర్ సీటు గోడకి బిగించిందా విడి స్టూలా, హ్యాండ్ షవర్ గొట్టం పొడవు, తలుపు లోపలికి తెరుచుకుంటుందా బయటికా. ఆరు ప్రశ్నలే. ఇంతకన్నా ఎక్కువ రాస్తే జవాబు "మా క్యాబిన్లు అన్ని ప్రమాణాలకీ అనుగుణంగా ఉంటాయి" అని ఒక్క ముక్కలో వస్తుంది.

"గ్యారంటీ క్యాబిన్" అని చవగ్గా అమ్ముతారు. నంబర్ వాళ్ళిష్టం. మీకు పనికిరాదు.


నడకమాస్టారు:

డెక్‌ప్లాన్ గారు తలుపు సంగతి చెప్పారు. నేను తలుపు దాటి లోపలికి వస్తాను.

ముందు టబ్ మర్చిపోండి. యూరోడామ్ తరగతి ఓడల్లో చాలా బాల్కనీ క్యాబిన్లకి టబ్‌తో కలిపిన షవరే. లోపలి క్యాబిన్లలో వట్టి షవర్. ఎక్కువ డబ్బు పెట్టినవాళ్ళకే కాలు ఎత్తి దాటే పని, విచిత్రం కానీ నిజం. టబ్ అంచు మోకాలి దాకా వస్తుంది. దాన్ని దాటాలంటే ఒక కాలి మీద బరువంతా వేసి, రెండో కాలు బాగా మడిచి ఎత్తాలి. తుంటి మార్చిన కాలిని 90 డిగ్రీల కన్నా ఎక్కువ మడవొద్దని చాలామందికి సర్జన్ చెబుతారు. మీ నాన్నగారికి ఆ నియమం ఇంకా ఉందో లేదో ఆయన డాక్టర్నే అడగండి. నియమం తీసేసినా, కదిలే ఓడలో సబ్బు నీళ్ళ మీద ఒంటికాలి విన్యాసం ఎందుకు?

కమోడ్ ఎత్తు. ఇక్కడ మీ ఇంట్లోనే ఒక తగాదా ఉంది. నాన్నగారికి ఎత్తు కావాలి, కూర్చున్నప్పుడు తుంటి మోకాలి కన్నా పైన ఉండాలి. అమ్మగారికీ ఎత్తే హాయి. అయితే ఎత్తు మరీ ఎక్కువై పాదాలు నేలకి ఆనకపోతే ఆవిడ లేచేటప్పుడు ముందుకి జారతారు. కొలిచే పద్ధతి: ఇద్దరినీ విడివిడిగా కుర్చీలో కూర్చోబెట్టి, బాత్రూమ్‌లో వేసుకునే చెప్పులతోనే, మోకాలి వెనక మడత నుంచి నేల దాకా టేపు పెట్టండి. అమ్మగారికి ఆ కొలతకి ఒక అంగుళం అటూ ఇటూ. నాన్నగారికి ఆ కొలత మీద ఇంకో రెండు అంగుళాలు. ఉదాహరణకి ఆవిడది 16, ఆయనది 17 వచ్చిందనుకోండి, ఆవిడకి 17 సరిపోతుంది, ఆయనకి 19 కావాలి. యాక్సెసిబుల్ బాత్రూమ్‌లలో కమోడ్ మామూలుగా 17 నుంచి 19 మధ్య ఉంటుంది. 17 ఉన్నది దొరికితే అమ్మగారికి అలాగే వదిలి, నాన్నగారికి 2 అంగుళాల విడి సీటు వేసి తీసెయ్యొచ్చు. 19 ఉంటే అమ్మగారి పాదాల కింద పీట పెడదాం అనుకుంటారు. వద్దు. అర్ధరాత్రి ఆ పీటే నాన్నగారి కాలికి తగులుతుంది.

ఎత్తు పెంచే సీట్లు చాలా ఓడల్లో ముందే అడిగితే ఉచితంగా ఇస్తారు, షవర్ స్టూలు కూడా. ఇంటి నుంచి తీసుకెళ్ళే బిగింపు సీట్లతో ఒక చిక్కు: ఓడ కమోడ్ గోడకి వేలాడే రకం, గిన్నె అంచు చిన్నది. ఇంటి కమోడ్‌కి పట్టే స్క్రూ బిగింపు దానికి సరిగా కూర్చోక పక్కకి జరుగుతుంది. నాలుగు కాళ్ళ కమోడ్ చట్రం, బకెట్ తీసేసి, కమోడ్ మీద నిలబెట్టడం దీనికన్నా నయం, రెండు పక్కలా చేతులు ఆన్చుకోవచ్చు. దాని వెడల్పు 22 నుంచి 24 అంగుళాలు. పెద్ద బాత్రూమ్‌లో పడుతుంది, మామూలుదాంట్లో షవర్ గోడకి కొట్టుకుంటుంది.

ఎక్కడైనా గడప తగిలితే (బాల్కనీకి వెళ్ళేచోట కూడా ఉంటుంది): పైకి ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, కిందికి దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. బాత్రూమ్ నేల క్యాబిన్ నేల కన్నా ఎత్తు ఉంటే లోపలికి వెళ్ళేటప్పుడు కుడికాలు, బయటికి వచ్చేటప్పుడు ఎడమకాలు. వారం రోజులు ముందు ఇంట్లో గుమ్మం దగ్గర అలవాటు చెయ్యండి.

గోడకి గాలి పట్టుతో అంటుకునే కడ్డీలు ఆన్‌లైన్లో 20 డాలర్లకి దొరుకుతాయి. నిలబడినప్పుడు వేలితో ఆనుకోడానికైతే సరే. బరువు వేసి లేవడానికి మాత్రం వాడొద్దు. ఆవిరికి పట్టు వదులుతుంది, అదీ మనిషి సగం లేచినప్పుడు.


బెజవాడబాబు:

నేను అయితే టబ్ క్యాబిన్ తీసుకుని బాత్ బోర్డు వేస్తానండి. టబ్ మీద అడ్డంగా పలక, దాని మీద కూర్చుని కాళ్ళు లోపలికి తిప్పుకోవడం. ఇండియాలో కూడా అమ్ముతున్నారు.


నడకమాస్టారు:

ఇంట్లో మంచి పద్ధతే. ఓడలో కుదరకపోవడానికి కారణాలు రెండు. బోర్డు కింద రబ్బరు బిరడాలు టబ్ రెండు అంచులనీ లోపలి నుంచి బిగించి పట్టుకోవాలి. ఓడ టబ్ ఇరుకు, గోడ వైపు అంచు సన్నం, దాంతో ఆ పక్క పట్టు దొరకదు. పైగా కాళ్ళు లోపలికి తిప్పుకోవాలంటే టబ్ బయట కుర్చీ అంత ఖాళీ కావాలి, అక్కడ కమోడో సింకో ఉంటుంది. మోకాళ్ళ నొప్పి మాత్రమే ఉన్నవాళ్ళు, టబ్ కొలత ముందే తెలిస్తే ప్రయత్నించొచ్చు. తుంటి మార్చిన మనిషికి నేను చెప్పను.


చెంబునీళ్ళు:

అసలు ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. నీళ్ళు!

అమెరికా నుంచి బయల్దేరే ఓడల్లో మామూలు క్యాబిన్లలో కమోడ్ పక్కన జెట్ స్ప్రే ఉంటుందని ఆశ పెట్టుకోకండి. ఒక లీటరు ప్లాస్టిక్ మగ్గు పెట్టెలో పడెయ్యండి. సింక్ కుళాయి కింద మగ్గు పట్టదు, గిన్నె లోతు తక్కువ, ముక్కు పొట్టి. షవర్ దగ్గర పట్టుకోవాలి. కాబట్టి పని మొదలెట్టక ముందే నింపి చేతికి అందేలా పెట్టుకోవడం అలవాటు చెయ్యండి. మగ్గు వంచి పోసుకోవడం పెద్దవాళ్ళకి కష్టమైతే, నొక్కితే చిమ్మే ప్లాస్టిక్ సీసాలు ఉన్నాయి, అర లీటరువి, వంపు తిరిగిన మూతితో. ఓడ లోపల నేల తడవకుండా పని అయిపోయేది వాటితోనే. ఒకటి నాన్నగారికి, ఒకటి అమ్మగారికి, ఇంకోటి పగిలితే వాడడానికి.

రోల్-ఇన్ షవర్ ఉన్న గదిలో హ్యాండ్ షవర్ గొట్టం కమోడ్ దాకా వస్తే రాజభోగం. అందుకే గొట్టం పొడవు అడగమన్నది. నీళ్ళ వేడి మాత్రం ముందు చేతి మీద చూసుకోవాలి. చాలా ఓడల్లో కుళాయి మీద 38 అని గుర్తు ఉంటుంది, అక్కడ ఒక బొత్తాం అడ్డు పడుతుంది. బొత్తాం నొక్కితేనే అంతకన్నా వేడి వస్తుంది. పెద్దవాళ్ళకి ఆ బొత్తాం సంగతి చూపించి, దాన్ని నొక్కొద్దని చెప్పండి.

ఇంకోటి. సెలవు కదా అని తలంటు ప్రోగ్రాం పెట్టుకోవద్దు. నువ్వుల నూనె ఆ నేల మీద పడితే ఎన్నిసార్లు కడిగినా జారుడే, తర్వాత వాకర్ రబ్బరు కూడా పట్టదు.


ఇంజినురూమ్:

కమోడ్ గురించి నాలుగు ముక్కలు, దీన్ని తేలిగ్గా తీసుకుంటే మీ క్యాబినే కాదు, మీ వరసంతా ఇబ్బంది పడుతుంది.

అది వాక్యూమ్ కమోడ్. మన ఇంట్లోలా నీళ్ళ బరువుతో తోసేది కాదు, పైపులో ఉన్న గాలి లాగుతుంది. ఒక్కో ఫ్లష్‌కి లీటరుకి అటూ ఇటూ నీళ్ళే. పైపు సన్నం, పక్కపక్క క్యాబిన్లన్నీ ఒకే గొట్టానికి. తడి వైప్స్ (తుడుచుకునే తడి కాగితాలు), పెద్దవాళ్ళ డైపర్లు, దూది, పేపర్ టవల్, వీటిలో ఏది వేసినా మలుపు దగ్గర ఇరుక్కుని ఆ గొట్టం మీద ఉన్న అందరికీ ఫ్లష్ ఆగిపోతుంది. మగ్గుతో నీళ్ళు పోస్తే ఏమీ కాదు, పోసుకోవచ్చు. డైపర్లకి విడిగా సంచులు తీసుకెళ్ళండి, చెత్తబుట్ట చిన్నది.

ఫ్లష్ చేసేముందు లేచి, మూత వెయ్యాలి. శబ్దం పెద్దది, పెద్దవాళ్ళు మొదటిసారి ఉలిక్కిపడి అడుగు తప్పేంత. మొదటి రోజు పగలే ఒకసారి చేసి వినిపించండి. ఎత్తు పెంచే సీటు వేస్తే మూత పడదు, అప్పుడు మనిషి పూర్తిగా వాకర్ మీద నిలబడ్డాక ఇంకొకరు నొక్కితే మంచిది. నొక్కినా లాగకపోతే పది నిమిషాలు ఆగండి, మళ్ళీ మళ్ళీ నొక్కొద్దు. అప్పటికీ లేకపోతే ఫోన్ చెయ్యండి.

రోల్-ఇన్ షవర్‌లో వచ్చే తంటా వేరు. గడప లేదు కాబట్టి నీళ్ళని ఆపేది నేల వాలు ఒక్కటే. ఓడ నిటారుగా ఉన్నంతసేపు నీళ్ళు తూము వైపే పోతాయి. గాలి ఒక పక్క నుంచి కొడితే ఓడ కొంచెం వంగి గంటల తరబడి అలాగే నడుస్తుంది. అప్పుడు ఆ కాస్త వాలు తారుమారై నీళ్ళు కమోడ్ కిందికి, తలుపు దగ్గరికి వస్తాయి. మందు సులువే: రెండు స్నానపు తువ్వాళ్ళు అదనంగా అడిగి, పొడుగ్గా చుట్టి, షవర్‌కీ కమోడ్‌కీ మధ్య కట్టలా వెయ్యండి. స్నానం అయ్యాక వాటినే నేల మీద పరిచి తుడిచెయ్యండి. షవర్ తెర కింద అంచు కట్టకి లోపలివైపు ఉండాలి. బయటికి వేస్తే కట్ట వేసినా లాభం లేదు.

దీనికి దారి లెక్క కూడా ఉంది. వాంకోవర్ నుంచి బయల్దేరే ఓడలు ఎక్కువగా ద్వీపాల చాటున ఇన్‌సైడ్ పాసేజ్‌లో పోతాయి. సియాటెల్ ఓడలు సాధారణంగా హువాన్ డి ఫ్యూకా జలసంధి దాటి వాంకోవర్ ద్వీపానికి పడమటి వైపు, బాహ్య సముద్రంలో పోతాయి. అంటే మీకు ఊగేది వెళ్ళేటప్పుడు మొదటి రాత్రీ మర్నాడూ, మళ్ళీ తిరుగు ప్రయాణంలో. స్నానాలు కెచికాన్, జూనో, స్కాగ్‌వేలలో ఓడ రేవుకి కట్టి ఉన్నప్పుడు పెట్టుకోండి. జనం అంతా దిగి వెళ్ళిపోతారు, ఓడ కదలదు, తొందర ఉండదు. సముద్రం మీద ఉన్న రోజు తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుంటే కొంప మునగదు.

క్యాబిన్ ఓడ మధ్యలో, కింది డెక్కుల్లో దొరికితే ఊగడం తక్కువ. బాత్రూమ్ ముఖ్యం అనుకుంటే ముక్కు వైపు క్యాబిన్ ఎంత పెద్దదైనా వదిలెయ్యండి.


విశాఖతీరం:

ఇదే లెక్క మన దగ్గర ఓడలకీ పనిచేస్తుందా? చెన్నై నుంచి విశాఖ వచ్చింది కదా, ఒకటి.


డెక్‌ప్లాన్:

2022లో విశాఖ వచ్చిన కార్డీలియా వారి ఎంప్రెస్ 1990లో ప్రయాణాలు మొదలుపెట్టిన ఓడ. నేను పైన చెప్పిన పెట్టె సూత్రం ప్రకారం, ఆ కాలపు ఓడ అంటే బాత్రూమ్ ఇరుకు, గడప ఉంటుంది అనే అనుకుని మొదలుపెట్టి, వీల్‌చెయిర్ క్యాబిన్ నంబర్ అడిగి, కొలతలు తెప్పించుకోండి. అమెరికా నిబంధనలు అక్కడ లెక్కలోకి రావు. ఆ ఆరు ప్రశ్నలు ఎక్కడైనా అవే.

పేరు చూసి మోసపోయే ఇంకో సంగతి చెబుతాను. నార్వేజియన్ ఎపిక్, 2010 ఓడ, కొత్తదే కదా అనిపిస్తుంది. దాని మామూలు క్యాబిన్లలో బాత్రూమ్ అనే గదే లేదు. గుమ్మంలోకి రాగానే ఒక పక్క కమోడ్ అర, ఎదురు పక్క షవర్ అర, మసక అద్దాల తలుపులు, సింక్ గదిలోనే. అత్తగారూ కోడలూ ఒకే క్యాబిన్ అంటే ఇక చెప్పక్కర్లేదు. అలాగే డిస్నీ ఓడల్లో చాలా క్యాబిన్లకి బాత్రూమ్ రెండుగా విడగొట్టి ఉంటుంది, ఒకదాంట్లో కమోడ్, ఒకదాంట్లో టబ్. పిల్లలున్నవాళ్ళకి దివ్యంగా ఉంటుంది, టబ్ దాటలేనివాళ్ళకి స్నానం లేదు.


గోదారిగట్టు:

అందరికీ ధన్యవాదాలు. టబ్ ఓడ వదిలేశాం. కిటికీ లేనిది కూడా వదిలేశాం, ఒకవైపు దారి ఉన్న బాల్కనీ క్యాబిన్ దొరికింది, మధ్య భాగంలో, లిఫ్టుకి దగ్గర. ధర అదే తరగతి మామూలు బాల్కనీ ధరే.

యాక్సెస్ విభాగం నుంచి జవాబు వచ్చింది: తలుపు 33 అంగుళాలు, బయటివైపు పక్కకి జరిగే రకం. గడప లేదు, చిన్న ఏటవాలు. కమోడ్ 18. సీటు గోడకి బిగించింది, మడుస్తారు. గొట్టం 5 అడుగులు. "కడ్డీ కుడివైపున" అని కూడా రాశారు. ఇలాంటిదే ఇంకో క్యాబిన్ ఓడ అవతలి పక్కన ఖాళీ ఉందట, అందులో కడ్డీ ఎడమవైపట. ఏది తీసుకోవాలి? రేపటి దాకా పట్టి ఉంచుతామన్నారు.


నడకమాస్టారు:

ముందు ఒకటి తేల్చుకోండి: ఎవరి కుడి? కమోడ్ మీద కూర్చున్నవాళ్ళ కుడా, గుమ్మంలో నిలబడి కమోడ్‌ని చూసేవాళ్ళ కుడా? ఈ రెండూ తలకిందులు. గదుల బొమ్మ చూసి జవాబు రాసేవాళ్ళు చాలాసార్లు గుమ్మం నుంచే చూస్తారు. "కూర్చున్న మనిషికి కుడి చేతి వైపు గోడ ఉందా, ఖాళీ ఉందా" అని ఇలాగే అడగండి.

ఓడలో ఎడమ పక్క క్యాబిన్లు, కుడి పక్క క్యాబిన్లు అద్దంలో బొమ్మల్లా తిరగేసి ఉంటాయి, అందుకే మీకు రెండు రకాలూ వచ్చాయి.

ఎడమ తుంటికి ఆపరేషన్ అయినవాళ్ళు చేతికర్ర కుడిచేత్తో పడతారు. కడ్డీకీ అదే న్యాయం, కూర్చున్నప్పుడు ఆయన కుడి చేతికి అందేదే తీసుకోండి. లేచేటప్పుడు వాకర్ పట్టుకుని పైకి లాక్కోకూడదు, అది తిరగబడుతుంది. కుడిచెయ్యి కడ్డీ మీద, ఎడమచెయ్యి సీటు అంచు మీద, ఎడమకాలు కొంచెం ముందుకి చాచి, కుడికాలి మీద బరువు వేసి లేవాలి. నిలబడ్డాకే చెయ్యి వాకర్ మీదికి. అమ్మగారికి రెండు మోకాళ్ళూ కాబట్టి ఏ పక్కయినా ఒకటే.

ఒకవేళ సరైన పక్కది చెయ్యిజారిపోతే కంగారు పడకండి. నాలుగు కాళ్ళ కమోడ్ చట్రం అడగండి, 33 అంగుళాల తలుపు నుంచి లోపలికి వస్తుంది. రెండు పక్కలా పట్టు దొరుకుతుంది.


గోదారిగట్టు:

అడిగాను. మీరన్నట్టే తలకిందులు! వాళ్ళు "కుడి" అన్నది గుమ్మం నుంచి చూస్తే. కూర్చున్నవాళ్ళ కుడి చేతికి కడ్డీ వచ్చేది రెండో క్యాబిన్. దాన్నే ఖాయం చేశాం.

ఇప్పుడే కంపెనీ నుంచి మెయిల్, "సూట్‌కి బిడ్ వెయ్యండి, తక్కువలో అప్‌గ్రేడ్" అని. వెయ్యొచ్చా?


డెక్‌ప్లాన్:

ఆ మెయిల్ తీసి పారెయ్యండి. బిడ్ గెలిస్తే మీరు కొలిచి తీసుకున్న క్యాబిన్ పోయి, పెద్ద గదీ, టబ్ ఉన్న బాత్రూమూ చేతికొస్తాయి. వెనక్కి రావడం ఉండదు, ఎందుకంటే మీది అప్పటికే ఇంకొకరికి వెళ్ళిపోతుంది. బిడ్ వెయ్యకపోయినా ఉచిత అప్‌గ్రేడ్ పేరుతో మార్చేవాళ్ళుంటారు. "అప్‌గ్రేడ్ వద్దు" అని బుకింగ్ మీద రాయించి, మళ్ళీ వచ్చిన ధ్రువీకరణ పత్రంలో ఆ ముక్క, క్యాబిన్ నంబర్ రెండూ చూసుకోండి.

ఇది బాత్రూమ్ సంగతి కాదు గానీ, సియాటెల్ ఓడ మధ్యలో విక్టోరియాలో ఆగుతుంది. అది కెనడా. అమ్మానాన్నలది ఇండియా పాస్‌పోర్టు కాబట్టి కెనడా వీసా ఇప్పుడే మొదలుపెట్టండి. ఓడ దిగకపోయినా అడుగుతారు.


ఇంజినురూమ్:

ఎక్కగానే, పెట్టెలు రాకముందే, బాత్రూమ్‌లో పది నిమిషాలు గడపండి. షవర్ సీటు కిందికి దించి, ముందు మీరు కూర్చుని చూడండి, గోడ బిగింపు కదులుతోందా అని. షవర్ రెండు నిమిషాలు వదిలి తూము లాగుతోందో లేదో చూడండి. నీళ్ళు నిలిస్తే తూము జల్లెడలో వెంట్రుకలు, వెంటనే చెబితే వచ్చి తీస్తారు. లోపలి గడియ పడితే బయటి నుంచి తెరిచే గాడి ఎక్కడుందో చూసుకోండి, చాలావాటికి నాణెంతో తిప్పేది ఉంటుంది.

ముఖ్యం, అత్యవసరానికి లాగే తాడు. కమోడ్ పక్కనా, కొన్నిట్లో షవర్‌లోనూ ఉంటుంది. నేల తుడిచేటప్పుడు తడవకుండా దాన్ని పైకి కడ్డీకి చుట్టేస్తారు. పడిపోయిన మనిషికి అందాలంటే అది నేలకి దగ్గరగా వేలాడాలి. ముడి విప్పి వదలండి. క్యాబిన్ చూసుకునే ఆయనకి చెప్పండి, రోజూ చూడండి కూడా, రెండో రోజుకి మళ్ళీ పైన ఉంటుంది. లాగితే గంట ఎక్కడ మోగుతుందో, ఎవరు వస్తారో రిసెప్షన్‌లో అడిగి, వాళ్ళతో చెప్పి ఒకసారి లాగి చూడండి. అమ్మానాన్నల క్యాబిన్‌కి ఇంకో తాళం కార్డు అప్పుడే తీసుకుని మీ దగ్గర పెట్టుకోండి.


చెంబునీళ్ళు:

రాత్రికి బాత్రూమ్ లైటు వేసి తలుపు ఒక జానెడు తెరిచి ఉంచకండి. ఓడ వంగినప్పుడు జరిగే తలుపు తనంతట తనే కదిలి వేళ్ళు నలుగుతాయి. బ్యాటరీతో, మనిషి కదిలితే వెలిగే చిన్న లైట్లు, వెనక అయస్కాంతం ఉన్నవి రెండు కొనండి. క్యాబిన్ గోడలు చాలా ఓడల్లో ఇనుప రేకే, ఇట్టే అంటుకుంటాయి. ఒకటి మంచం పక్కన మోకాలి ఎత్తులో, ఒకటి బాత్రూమ్ గుమ్మం పక్కన.

హవాయి చెప్పులు వద్దు. వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు, కొత్తవి కాకుండా నెల ముందు నుంచీ ఇంట్లో వేసుకు తిరిగినవి.


గోదారిగట్టు:

తాడు, కార్డు, లైట్లు, చెప్పులు రాసుకున్నాను. అమ్మది మోకాలి వెనక నుంచి 16 వచ్చింది, నాన్నది 17 ముప్పావు. కమోడ్ 18 కాబట్టి ఆయనకి 2 అంగుళాల సీటు అడిగాం, రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. 18 అమ్మకి కొంచెం ఎక్కువేమో?


నడకమాస్టారు:

చెప్పుల మందం కలిపే కొలిచారు కదా? అయితే రెండు అంగుళాలు తేడా. సీటు ముందు అంచుకి జరిగి కూర్చుంటే పాదాలు ఆనతాయి, కడ్డీ ఎలాగూ ఉంది. ఇప్పటి నుంచే ఇంట్లో 18 అంగుళాల కుర్చీ ఒకటి చూసి, చేతులు ఆన్చి లేవడం రోజుకి పదిసార్లు చేయించండి. మోకాలి నొప్పి పెరిగితే ఆపించండి.